మట్టిగూటిలో ఎవరి బిడ్డ?

పెరట్లో కరివేప చెట్టో నిమ్మచెట్టో ఉన్న ఇంట్లో ఒక సీతాకోకచిలుక తరచుగా కనిపిస్తుంది. దాని నల్లని రెక్కలనిండా లేత పసుపు మచ్చలు ఉంటాయి. అది తేనెకోసం వచ్చిందని అనుకుంటాం. కాని చెట్టుకు ఒక్క పువ్వు లేని రోజుల్లో కూడా అది వస్తుంది. ఒక లేత ఆకుమీద వాలి, ముందుకాళ్ళతో ఆకును టకటకా తట్టి ఎగిరిపోతుంది. మరో ఆకుమీద వాలుతుంది. చివరకు ఒకచోట పొట్ట వంచి ఆవగింజంత గుడ్డు ఒకటి అంటించి వెళ్ళిపోతుంది.

ఆ తట్టడం ఆట కాదు, రుచి చూడటం. సీతాకోకచిలుక కాళ్ళకు కూడా రుచి తెలుస్తుంది. గుడ్డులోంచి వచ్చే పురుగు కరివేప, నిమ్మ, మారేడు వంటి కొన్ని చెట్ల ఆకులే తింటుంది. వేరే ఆకుమీద పుడితే ఆకలితో చచ్చిపోతుంది. అందుకే తల్లి అంతగా వెతుకుతుంది. తాను మాత్రం ఆ ఆకును తినదు, తినలేదు కూడా. దాని ఆహారం పూలలోని తేనె.

గుడ్డు పెట్టిన తరువాత ఆ తల్లి వెనక్కి తిరిగి చూడదు. తన బిడ్డ ఎలా ఉంటుందో దానికి ఎన్నడూ తెలియదు. కీటకాలలో అత్యధికభాగం ఇంతే. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తండ్రి ఊసే ఉండదు. చాలా గుడ్లు పెడితే వాటిలో కొన్నైనా బతుకుతాయన్నదే వాటి జీవితవిధానం. మరి పిల్లలను దగ్గరుండి కాపాడే పురుగులు, వాటికి తిండి పెట్టే పురుగులు ఉన్నాయా? ఉన్నాయి. కాని వాటి సంగతి తెలియడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. కళ్ళెదుట జరుగుతున్నదాన్ని కూడా పెద్దపెద్దవాళ్ళు చాలాసార్లు పొరపాటుగా అర్థం చేసుకున్నారు. అలాంటి పొరపాటు ఒకటి మన భాషలో ఒక న్యాయంగా నిలిచిపోయింది.

ఇంటి గోడమీద, తలుపు మూలన, గూట్లో పెట్టిన పాత పుస్తకాల వెనుక ఎండిన మట్టిగూడు కనిపించడం మామూలే. కందిరీగ కట్టిన గూడది. పూర్వులు దీన్ని శ్రద్ధగానే గమనించారు. కందిరీగ ఒక ఆకుపచ్చని పురుగును పట్టి తెస్తుంది. దాన్ని మట్టిగూటిలో పెట్టి, చుట్టూ ఝుమ్మని రొద చేసి, గూడు మూసి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకు గూటికి కన్నం పడుతుంది. అందులోంచి వచ్చేది పురుగు కాదు, కందిరీగ! లోపల పెట్టినదేమో పురుగు, బయటికి వచ్చిందేమో కందిరీగ. కనుక ఆ పురుగు భయంతో రాత్రింబవళ్ళు కందిరీగనే తలచుకుంటూ, దాని రొదే వింటూ చివరకు తానే కందిరీగ అయిపోయిందని నిర్ణయించారు. ఇదే భ్రమరకీటక న్యాయం. దేనిని ఎడతెగక ధ్యానిస్తామో దాని రూపమే పొందుతామని చెప్పడానికి వేదాంతులు ఈ పోలికను వాడారు. భాగవతంలోను ఇది కనిపిస్తుంది.

పోలికగా ఇది అందమైనదే. ఆ న్యాయం చెప్పదలచుకున్నది మనసు ఏకాగ్రతను గురించి, పురుగును గురించి కాదు. అయినా గూట్లో నిజంగా ఏం జరిగిందన్న ప్రశ్న మిగిలే ఉంది. మూసిన గూటిని మధ్యలో విప్పి చూస్తే తప్ప దానికి జవాబు దొరకదు.

విప్పి చూసినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశంలోని జాఁ ఆఁరీ ఫాబ్ర్. ఆయన 1823లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. బడిపంతులుగా చాలాకాలం పనిచేశాడు. 1879లో సెరిన్యాన్ అనే పల్లెలో రాళ్ళు, ముళ్ళపొదలు నిండిన బీడు ఒకటి కొనుక్కున్నాడు. వ్యవసాయానికి పనికిరాని ఆ నేలలో కీటకాలు మాత్రం పుష్కలంగా ఉండేవి. 1915లో చనిపోయేవరకు ఆయన ప్రయోగశాల అదే. పురుగులను చంపి సూదికి గుచ్చి చూడటంకన్న బతికి ఉన్న పురుగు ఏం చేస్తుందో చూడటమే ఆయనకు ముఖ్యం. చూసినదంతా 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలుగా ప్రచురించాడు.

ఆయనా, తరువాతివారూ చూసిన విషయం ఇది. ఈ కందిరీగలు తేనెతుట్టెలో ఉండే ఈగల్లాగా గుంపుగా బతకవు. ప్రతి తల్లీ ఒంటరిది. చెరువు గట్టునో, బోరింగు పక్కనో తడిమట్టిని దవడలతో ఉండగా చేసి తెస్తుంది. ఆ ఉండను గోడకు అద్ది పలచగా సాగదీస్తుంది. అలా అద్దేటప్పుడు ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటుంది. ఆ అదురుకు మట్టి మెత్తబడి చక్కగా అతుక్కుంటుంది. పూర్వులు విన్న రొద ఇదే! అది పురుగుకు చేస్తున్న ఉపదేశం కాదు, తాపీపని. ఒక్కొక్క గూటికి ఎన్నో ఉండలు కావాలి. అన్నిసార్లూ అది నీటి ఒడ్డుకూ గోడకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది.

వీటిలో చాలా రకాలున్నాయి. ఒక రకం గూడు చిన్న చెంబులా గుండ్రంగా, పైన సన్నని మెడతో ఉంటుంది. ఈ తల్లి గూడు పూర్తికాగానే లోపలి కప్పునుంచి సన్నని దారంతో ఒక గుడ్డును వేలాడదీస్తుంది. ఆ తరువాతే వేటకు పోతుంది. ఆకుపచ్చని పురుగును పట్టి ముల్లుతో పొడుస్తుంది. పురుగు చావదు, ఒళ్ళు చచ్చుబడి కదలలేక పడి ఉంటుంది. చస్తే కుళ్ళిపోతుంది, చావకపోతే పాడవదు. అలాంటి పురుగులను కొన్నింటిని గూట్లో పేర్చి, మెడను మట్టితో మూసేస్తుంది. ఫాబ్ర్ గూటి పక్కన చిన్న కిటికీలాగా కన్నం చేసి లోపలికి చూశాడు. చచ్చుబడిన పురుగులు పూర్తిగా నిశ్చలంగా లేవు, అప్పుడప్పుడు మెలికలు తిరుగుతున్నాయి. వాటిమధ్య గుడ్డు పడితే నలిగిపోతుంది. అందుకే దాన్ని పైనుంచి వేలాడదీసిందని ఆయన గ్రహించాడు. గుడ్డునుంచి వచ్చిన పిల్లపురుగు, అంటే డింభకం, తల్లి దాచిపెట్టిన పురుగులను ఒక్కొక్కటిగా తింటుంది. పెరిగి, ప్యూపా అయి, చివరకు రెక్కలు వచ్చి గోడ కొరుక్కుని బయటపడుతుంది. లోపలికి పోయిన పురుగు కందిరీగగా మారలేదు. అది కందిరీగ బిడ్డకు ఆహారమైపోయింది.

మరో రకం కందిరీగ నడుము దారంలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇది పురుగులను కాక సాలెపురుగులను తెస్తుంది. గదులు పక్కపక్కన కట్టి, పైన మందంగా మట్టి మెత్తుతుంది. గోడకు ఎవరో బురదముద్ద విసిరికొట్టినట్టు కనిపిస్తుంది. మన దేశంలో ఇళ్ళలో గూడుకట్టే ఇలాంటి కందిరీగ ఒకదాని శాస్త్రీయ నామంలో మద్రాసు పేరు ఉంది: స్కెలిఫ్రాన్ మద్రాసపటానమ్. 1781లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టాడు.

ఈ రకం కందిరీగతోనే ఫాబ్ర్ ఒక ప్రయోగం చేశాడు. తల్లి మొదటి సాలెపురుగును తెచ్చి, దానిమీద గుడ్డు పెట్టి, రెండోదాని వేటకు పోయింది. ఈలోగా ఆయన పట్టకారుతో ఆ సాలెపురుగును, గుడ్డును తీసేశాడు. తల్లి తిరిగి వచ్చి ఖాళీ గదిని చూసింది. అయినా ఏమీ జరగనట్టు తెచ్చినదాన్ని లోపల పెట్టి మళ్ళీ వెళ్ళింది. ఆయన దాన్ని కూడా తీసేశాడు. ఇలా అది తేవడం, ఆయన తీసేయడం చాలాసేపు సాగింది. చివరకు ఆ తల్లి గుడ్డూ ఆహారమూ లేని వట్టి గదికి శ్రద్ధగా మట్టిమూత పెట్టి వెళ్ళిపోయింది. ఇంకోసారి, గూటికి పైపూత మెత్తుతున్న సమయంలో మొత్తం గూటినే గోడమీదినుంచి ఊడదీశాడు. కందిరీగ మట్టితెచ్చి, గూడు ఉండిన చోట, వట్టి గోడకే పూత పూసింది!

ఈ ప్రయోగం చదివినవారికి నవ్వు, జాలి రెండూ కలుగుతాయి. అంత నేర్పుతో ఇల్లు కట్టగల ప్రాణికి ఇల్లు ఖాళీ అయిందని తెలియలేదు. ఒక పని ముగిస్తే తరువాతి పని, అది ముగిస్తే ఆ తరువాతిది. ఈ క్రమం పుట్టుకతోనే వచ్చింది. దీనినే సహజాతం అంటారు. ఎవరూ నేర్పకుండానే ఇంత చేయిస్తుంది, కాని వెనక్కి తిరిగి ఆలోచించనివ్వదు. తల్లి కందిరీగ దేనినైనా ప్రేమిస్తుందా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. తన సంతానానికి కావలసినదంతా ముందే సిద్ధం చేస్తుందని మాత్రం చెప్పవచ్చు.

ఇంత గట్టి గూటికి కూడా ఒక లోటు ఉంది. తల్లి మట్టికో వేటకో పోయినప్పుడు గూడు తెరిచి ఉంటుంది. ఆ సమయంకోసం కాచుకొని ఉండే వేరే కందిరీగ ఒకటుంది. ఒళ్ళంతా పచ్చరాయిలా, నీలంరాయిలా మెరిసే అందమైన పురుగు. తల్లి లేనప్పుడు దూరి అది తన గుడ్డు పెట్టిపోతుంది. ఈ జాతిలో కొన్ని రకాలు మూసిన గూటి గోడనే తొలిచి గుడ్డు పెడతాయి. తల్లి దొరికించుకొని కుట్టబోతే, గట్టి పెంకులాంటి ఒంటిని బంతిలా ముడుచుకుంటాయి. తరువాత గూట్లో పెరిగేది ఆ దొంగ బిడ్డే. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టన్నమాట. అయితే కోకిల పిల్లను కాకి చూసి, మేపి, పెంచుతుంది. ఇక్కడ కట్టిన తల్లికి బయటికి వచ్చింది ఎవరి బిడ్డో తెలిసే అవకాశమే లేదు.

గూడు ఎంత గట్టిదైనా, కాపలా లేకపోతే ప్రమాదమే. కొన్ని కీటకాలు గుడ్లను వదిలి కదలకపోవడానికి కారణం ఇదే.

పూలకుండీ ఎత్తినప్పుడు, తడి రాయి దొర్లించినప్పుడు సన్నగా పొడవుగా ఉండే గోధుమరంగు పురుగు ఒకటి పరుగెత్తుతుంది. దాని తోకచివర పట్టకారులాంటి రెండు కొమ్ములుంటాయి. ఇంగ్లీషులో దీన్ని ఇయర్‌విగ్ అంటారు. నిద్రలో ఉన్నవాళ్ళ చెవుల్లో దూరుతుందని యూరపులో పూర్వం భయపడేవారు. ఆ భయమే పేరయింది. నిజానికి దానికి మనిషి చెవితో పనిలేదు. దానికి కావలసింది చీకటి, చెమ్మ. మట్టిలో చిన్న బొరియ చేసుకొని తల్లి అందులో గుడ్లు పెడుతుంది, పెట్టి అక్కడే ఉంటుంది.

స్వీడన్‌కు చెందిన షార్ల్ ద ఈర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తన గుడ్లమీద కూర్చున్న ఇలాంటి తల్లిని చూశాడు. దాన్ని మట్టి ఉన్న పాత్రలో పెట్టి గుడ్లను అటూఇటూ చెదరగొట్టాడు. తల్లి ఒక్కొక్క గుడ్డునూ దవడలతో మెల్లగా పట్టి తెచ్చి అన్నింటినీ ఒకచోట చేర్చి, మళ్ళీ వాటిమీద కూర్చుంది. 1773లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. పక్షి కాదు, పశువు కాదు, ఒక పురుగు ఇలా చేసిందని రాయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

గుడ్లమీద కూర్చోవడమంటే కోడిలా పొదగడం అనుకోకూడదు. కీటకాల ఒంట్లో అంత వేడి ఉండదు. ఆ తల్లి అసలు చేసే పని వేరు. గుడ్లను మాటిమాటికీ తిప్పుతూ, నాకుతూ ఉంటుంది. చెమ్మనేలలో పెట్టిన గుడ్లకు బూజు పడుతుంది. తల్లి నోటితో ఆ బూజును తుడిచేస్తుంది. తల్లిని తీసేస్తే గుడ్లు సాధారణంగా బూజుపట్టి పాడైపోతాయి. గుడ్లు పొదిగిన తరువాత కూడా పిల్లలు కొన్నాళ్ళు తల్లి దగ్గరే ఉంటాయి.

ఇంతవరకు తల్లులే వచ్చారు. తండ్రి మాటేమిటి? చెరువులోను, మడుగులోను, నీరు నిలిచిన వరిమడిలోను చింతగింజంత నల్లి ఒకటి ఈదుతూ ఉంటుంది. గోధుమరంగు, చదునైన ఒళ్ళు. దోమపిల్లలను పట్టి తింటుంది కనుక మనకు మేలుచేసేదే. చేత్తో పట్టుకుంటే మాత్రం గట్టిగా కుడుతుంది. కొన్ని నల్లుల వీపుమీద తెల్లని గుడ్లు ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి అంటించినట్టు ఉంటాయి. రెక్కలమీదే గుడ్లు అంటుకొని ఉండటంవల్ల అది ఎగరలేదు.

ఇలా గుడ్లు మోసేది తల్లేనని కీటక శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. మోసేది తల్లి కాక మరెవరనుకొని ఉంటారు! 1899లో అమెరికాలో ఫ్లోరెన్స్ వెల్స్ స్లేటర్ అనే పరిశోధకురాలు గుడ్లు మోస్తున్న నల్లులను జాగ్రత్తగా పరీక్షించింది. అవన్నీ మగవి! ఆడది గుడ్లను మగదాని వీపుమీద అంటించి పోతోంది. అందరూ నమ్మినదాన్ని నమ్మకుండా, కోసి చూసి నిజం చెప్పడం ఆమె గొప్పదనం. అయితే ఆమె కూడా ఒక మాట ఎక్కువ రాసింది. మగదానికి ఈ బరువు ఇష్టం లేదని, అది ఆడదాని బలవంతంవల్లే మోస్తోందని అనుకుంది.

ఆ మాట తప్పని తేలడానికి మరో డెబ్బై ఏళ్ళకు పైగా పట్టింది. 1970లలో అమెరికాలోనే రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఈ నల్లులు ఏంచేస్తున్నాయో గంటలకొద్దీ గమనించాడు. గుడ్లకు ఒక చిక్కు ఉంది. అవి ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటే ప్రాణవాయువు చాలక ఊపిరాడదు. ఎప్పుడూ గాలిలో ఉంటే ఎండిపోతాయి. అందుకని తండ్రి నీటిపైకి వచ్చి గుడ్లకు గాలి తగిలేట్టు నిలబడుతుంది. మళ్ళీ మునుగుతుంది. నీటిలో ఉన్నప్పుడు కాళ్ళతో గుడ్లమీదుగా నీరు పారేట్టు చేస్తుంది, ఒళ్ళు పైకీ కిందికీ ఊపుతుంది. తండ్రి వీపునుంచి ఊడిపోయిన గుడ్లు పొదగవు. బలవంతంగా మోసే ప్రాణి ఇంత శ్రమపడదు కదా! పిల్లలు బయటికి వచ్చి ఈదుకుంటూ పోయిన తరువాత వట్టి పెంకులను వీపుమీదినుంచి వదిలించుకుంటుంది. అప్పటికిగాని దాని రెక్కలకు విడుదల లేదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి సంసారం చేసే పురుగులు కూడా ఉన్నాయి. యూరప్, అమెరికాలలోను, మన హిమాలయ ప్రాంతంలోను కొన్ని పెంకుపురుగులు చచ్చిన ఎలుకనో చిన్న పిట్టనో వెతికి పట్టుకుంటాయి. దాని కింద మట్టి తవ్వి తవ్వి దాన్ని భూమిలో పాతేస్తాయి. వెంట్రుకలో ఈకలో పీకేసి, మాంసాన్ని ఉండగా చుట్టి, త్వరగా కుళ్ళకుండా తమ ఒంటినుంచి వచ్చే ద్రవం పూస్తాయి. పక్కనే మట్టిలో గుడ్లు పెడతాయి. 1933లో జర్మనీలో ఎర్నా పుకోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞురాలు వీటిని భూమికింద ఎలా ఉంటాయో చూడగలిగేట్టు పెంచి, ఎవరూ ఊహించని దృశ్యం చూసింది. డింభకాలు తలలెత్తి తల్లిదండ్రుల నోళ్ళను తడుముతున్నాయి. అవి తాము తిన్నదాన్ని కక్కి పిల్లల నోట పెడుతున్నాయి, గూట్లో పిట్టలు చేసినట్టే.

వీటి సంసారంలో మనకు మింగుడుపడని విషయం కూడా ఒకటుంది. దొరికిన ఎలుక చిన్నదై, పిల్లలు ఎక్కువైతే, తల్లిదండ్రులే కొన్ని పిల్లలను చంపి తినేస్తాయి. ఉన్న తిండి అందరికీ పంచితే ఎవరికీ చాలదు, అన్నీ బలహీనపడతాయి. పురుగుల పెంపకానికి మనుషుల మంచిచెడ్డలు అంటగట్టకూడదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. అవి దయగలవీ కావు, క్రూరమైనవీ కావు. ఉన్న ఆహారానికి తగినన్ని బిడ్డలు బతికే మార్గం అవి అనుసరిస్తున్నాయి.

మనకు అసహ్యమనిపించే బొద్దింకలలో కూడా ఒక వింత తల్లి ఉంది. పసిఫిక్ ప్రాంతపు బొద్దింక ఒకటి గుడ్లు బయట పెట్టదు. కడుపులోనే పిల్లలను పెంచి కంటుంది. కడుపులో ఉన్న పిల్లలకు పాలలాంటి పోషక ద్రవం ఇస్తుంది. ఆ పాలలోని మాంసకృత్తులు పిల్లల పొట్టలో స్ఫటికాలుగా ఏర్పడతాయి. ఆ స్ఫటికాల నిర్మాణాన్ని వివరించిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో ప్రధానంగా పాల్గొన్నవారు బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే సంస్థ శాస్త్రజ్ఞులు.

అదే బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని దశాబ్దాలపాటు ఒక కందిరీగను పరిశీలించాడు. ఇది మట్టి కందిరీగలాగా ఒంటరిది కాదు. దక్షిణ భారతంలో చూరుకింద, కిటికీమూలన, పొదల్లో కనిపించే సన్నని ఎర్రగోధుమరంగు కందిరీగ. చెక్కపీచును నమిలి కాగితంలా చేసి, దానితో గదుల తుట్టె కడుతుంది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క డింభకం తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. పెద్దవి పురుగులను పట్టి తెచ్చి, నమిలి ముద్దచేసి వాటికి తినిపిస్తాయి. ఒకేలా కనిపించే కందిరీగలలో ఏది ఏమిచేస్తోందో తెలుసుకోవడానికి గదగ్‌కర్, ఆయన శిష్యులు ప్రతిదాని ఒంటిమీద రంగురంగుల చుక్కలు పెట్టారు. అప్పుడు వాటిలో ప్రతి ఒక్కదానికీ ఒక చరిత్ర ఏర్పడింది.

తుట్టెలో గుడ్లు పెట్టేది సాధారణంగా ఒక్క రాణి మాత్రమే. మిగిలిన ఆడ కందిరీగలు తమవి కాని బిడ్డలను పెంచుతాయి. ఎందుకు? అవి కూడా వేరే పోయి గూడు కట్టుకోగలవు, కొన్ని అలా పోతాయి కూడా. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఈ జాతిలో గుడ్డు పెరిగి రెక్కల కందిరీగ కావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. బయట తిరిగి పనిచేసే కందిరీగ సగటున బతికేది దాదాపు ఒక నెల. ఒంటరి తల్లి మధ్యలో చనిపోతే, అంతవరకు పెంచిన బిడ్డలన్నీ ఆకలితో చస్తాయి. నెలరోజుల చాకిరీ వట్టిదైపోతుంది. తుట్టెలో ఉంటే అలా కాదు. ఒకటి చేసినంత చేసి చనిపోయినా, సగం పెరిగిన బిడ్డను మరొకటి అందుకుంటుంది. చేసినంత పనికి ఫలితం దక్కుతుంది. 1990లో గదగ్‌కర్ ఈ వాదాన్ని ప్రచురించాడు. కీటకాలు కలిసి బతకడం ఎలా మొదలైందో వివరించే ముఖ్యమైన ఆలోచనలలో ఇది ఒకటి.

రంగుచుక్క పెట్టిన ఒక కందిరీగ పొద్దున వేటకు వెళ్తుంది. బల్లికో, పిట్టకో, సాలెగూటికో చిక్కి సాయంత్రానికి తిరిగిరాదు. చూసేవారి పుస్తకంలో దాని పేరు దగ్గర గీత పడుతుంది. తుట్టెలో అది నిన్న మేపిన డింభకం నోరు తెరిచి ఉంటుంది. వేరే రంగుచుక్క ఉన్న కందిరీగ ఒకటి వచ్చి దాని నోట ముద్ద పెడుతుంది.

పదాలు – అర్థాలు

న్యాయం = లోకంలో ప్రసిద్ధమైన పోలిక. డింభకం = గుడ్డునుంచి వచ్చిన పిల్లపురుగు. సహజాతం = ఎవరూ నేర్పకుండా పుట్టుకతో వచ్చే ప్రవర్తన. తాపీపని = గోడలు కట్టే, పూత పూసే పని.

ఆలోచించి రాయండి

1. కందిరీగ చేసే రొదను పూర్వులు ఏమని అనుకున్నారు? అసలు కారణం ఏమిటి?
2. మట్టి కందిరీగ పురుగును చంపకుండా ఎందుకు ఉంచుతుంది?
3. ఫాబ్ర్ గుడ్డును తీసేసినా తల్లి గూడు మూసింది. దీనివల్ల ఏం తెలుస్తుంది?
4. నీటినల్లి విషయంలో శాస్త్రజ్ఞులు పడిన రెండు పొరపాట్లను మీ మాటల్లో రాయండి.
5. మీ ఊళ్ళో కందిరీగను, సీతాకోకచిలుకను, బొద్దింకను ఏమని పిలుస్తారు? మీ ఇంట్లో పెద్దలను, పొరుగు భాష మాట్లాడే మిత్రులను అడిగి పేర్లు సేకరించండి.

చేసి చూడండి

కన్నం పడిన పాత మట్టిగూటిని, లోపల ఏమీ లేదని పెద్దలతో చూపించుకున్న తరువాత, గోడమీదినుంచి మెల్లగా తీయండి. ఎన్ని గదులున్నాయో, ఎన్నింటికి కన్నాలున్నాయో లెక్కపెట్టండి. గదుల్లో ఎండిన సాలెపురుగుల కాళ్ళు, ఖాళీ ప్యూపా పొరలు ఏమైనా మిగిలాయేమో చూసి బొమ్మ గీయండి. కందిరీగలు తిరుగుతున్న గూటిని తాకకండి.